మా డెస్కుకి వచ్చే ఫిర్యాదులు

పెద్ద మెడికల్ డివైజ్ కంపెనీలో ఉద్యోగం అనగానే కొత్త మిషన్లు తయారుచేయడమే అనుకుంటారు. గచ్చిబౌలిలో మా ఫ్లోర్‌లో ఆ పని చేసేవాళ్లు కొందరే. మిగతా మేమంతా, అప్పటికే హాస్పిటళ్లలో నడుస్తున్న మిషన్ల మీద వచ్చే ఫిర్యాదులు చూస్తాం. ఉస్మానియాలో బయోమెడికల్ చదివేటప్పుడు ఇలాంటి ఉద్యోగం ఒకటుందనే నాకు తెలియదు. ఇప్పుడు డిజైన్ టీమ్‌కి రమ్మన్నా వెళ్లను.

నేను చూసేది ఇన్‌ఫ్యూజన్ పంపులు. ఐసీయూలో మంచం పక్కన స్టాండుకి తగిలించి ఉంటాయి, గంటకి ఇన్ని మిల్లీలీటర్లని లెక్కగా మందు ఎక్కిస్తాయి. మందు ఎక్కువైనా ప్రమాదమే, ఆగిపోయినా ప్రమాదమే. 2005 నుంచి 2009 దాకా ఈ పంపుల్లో సమస్యల గురించి ఎఫ్‌డీఏకి, అంటే మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థకి, దాదాపు 56,000 రిపోర్టులు వెళ్లాయి, 87 రీకాల్స్ (లోపమున్న పంపుల్ని కంపెనీలు వెనక్కి తీసుకోవడమో సరిచేయడమో) జరిగాయి. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి నేను మొదట చెప్పేది ఈ అంకెలే.

ఫిర్యాదు రెండు మూడు లైన్లకు మించి ఉండదు. ఏ మందు, ఎంత వేగం, పేషెంట్ ఎలా ఉన్నారు, ఇవన్నీ హాస్పిటల్‌కి మళ్లీ మళ్లీ రాసి రాబట్టాలి. మరణం, తీవ్రమైన హాని, లేదా మళ్లీ జరిగితే అంతదాకా తెచ్చే లోపం అయితే, కంపెనీకి తెలిసిన 30 రోజుల్లోపు ఎఫ్‌డీఏకి రిపోర్టు వెళ్లాలి. గడువు దగ్గరపడుతున్నా అవతల నుంచి జవాబు రాకపోతే ఆ వారమంతా టెన్షనే.

ఒక ఫైలు నేనెప్పటికీ మర్చిపోను. "పంపు తనంతట తానే మందు ఎక్కువ ఎక్కించింది" అని రాశారు. పంపులో ప్రతి బటన్ నొక్కుడూ టైముతో సహా రికార్డవుతుంది. ఆ లాగ్ తెరిచి చూశాను. రాత్రి 2:14కి లైన్‌లో అడ్డు ఉందని అలారం. 2:15కి సౌండ్ ఆపారు. 2:17కి మళ్లీ అలారం, మళ్లీ ఆపారు. 2:21కి పంపు ఆపి, కొత్తగా వేగం కొట్టి స్టార్ట్ చేశారు. 5.0 కొట్టాల్సిన చోట 50 పడింది. కాసేపట్లోనే ఎవరో గమనించి ఆపేశారు, పేషెంట్ కోలుకున్నారు.

"లాగ్ క్లియర్‌గా ఉంది కదా, క్లోజ్ చేసేద్దాం" అన్నారు మా లీడ్. నేను ఒప్పుకోలేదు. అర్ధరాత్రి వరుసగా అలారాలు మోగుతుంటే ఎవరి చెయ్యైనా తడబడుతుంది. మరి పదింతల వేగాన్ని పంపు మారుమాట లేకుండా ఎందుకు తీసుకుంది? ఏ మందుకి ఎంత హద్దో ముందే పెట్టుకునే ఏర్పాటు ఆ పంపులో ఉంది. ఆరా తీస్తే, ఆ వార్డులో దాన్ని వాడట్లేదని తేలింది. ఫైల్లో అదే రాశాను. ఆ హాస్పిటల్‌కి ట్రైనింగ్ టీమ్ వెళ్లింది. నర్సు తప్పు అని ఒక్క ముక్క రాసి మూసేసి ఉంటే ఇంకో వార్డులో ఇంకో 50 పడేది.

పెద్ద కంపెనీ కాబట్టి సంతకాలు, ఆడిట్లు, సాయంత్రం కాల్స్ తప్పవు. వాటితో నాకు పేచీ లేదు. నన్ను బాధపెట్టేది వేరే. నా దగ్గరికొచ్చే ఫైళ్లలో మన ఊళ్లవి చాలా తక్కువ.

మా కంపెనీలో, మా మిషన్ ఏదైనా సరిగా పనిచేయలేదని ఏ ఉద్యోగి చెవిన పడినా మర్నాటికల్లా రిపోర్ట్ చేయాలి, పెళ్లిలో విన్నా సరే. నరసరావుపేటలో మా పిన్ని కూతురి పెళ్లిలో బాబాయి తన షుగర్ మిషన్ ఒకే వేలికి ఒకసారి 110, వెంటనే 240 చూపించిందన్నారు. అది మా కంపెనీదే. డబ్బా ఉందా, లాట్ నంబరు ఎంత అని అడిగాను. "ఎక్కడిదమ్మా, పారేసి ఇంకోటి కొనుక్కున్నా" అన్నారు. నంబరు లేకుండానే రిపోర్ట్ పెట్టాను. దాంతో ఏ బ్యాచ్‌లో లోపమో పట్టుకోవడం అసాధ్యం.

మన దేశంలోనూ దీనికి ఒక వ్యవస్థ ఉంది. వైద్య పరికరాల వల్ల వచ్చే సమస్యల్ని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ ప్రోగ్రామ్ 2015లో మొదలైంది, దాన్ని ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. పేషెంట్లు కూడా 1800-180-3024కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. స్టెంట్, పేస్‌మేకర్, మోకాలి ఇంప్లాంట్ ఏది వేసినా డిశ్చార్జ్ రోజే సీరియల్ నంబరు ఉన్న కార్డు గానీ స్టిక్కర్ గానీ అడిగి తీసుకోండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఇంట్లో బీపీ మిషనో షుగర్ మిషనో తేడా చూపిస్తే పారేయకండి. డబ్బాతో, మిగిలిన స్ట్రిప్పులతో సహా పక్కన పెట్టి, ఆ తర్వాత ఫోన్ చేయండి.