మొక్కు వదినది, మెట్లు నావి

న్యుమోనియా తగ్గిందని ఇంటికి పంపించారు. తగ్గింది జ్వరం మాత్రమే. తల దువ్వుకోవడానికి చేతులెత్తితే చాలు, ఆయాసం. స్నానం చేసి వస్తే ఆ పూటకి ఇక ఏ పనికీ ఓపిక ఉండేది కాదు. స్నానాల గదిలో ప్లాస్టిక్ స్టూలు వేయించుకున్నాను, జుట్టు భుజాల దాకా కత్తిరించుకున్నాను. ఇంటికి వచ్చినవాళ్లు తెచ్చిన టానిక్కులకంటే ఆ రెండే ఎక్కువ మేలు చేశాయి.

నాకు చాలా ఏళ్లుగా క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా ఉంది, నెమ్మదిగా ముదిరే ఒక రకం రక్త క్యాన్సర్. ఇంతవరకు మందులు అవసరం కాలేదు. క్రమం తప్పకుండా రక్తపరీక్ష, డాక్టరుగారు మెడ, చంకలు, పొట్ట తడిమి చూడడం, అంతే. "తెల్లకణాలే కదా రోగాలతో పోరాడేవి, నీకు అన్ని ఉంటే జబ్బెందుకు వచ్చింది?" అని మా వదిన అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే. మైక్రోలీటరు రక్తంలో మామూలుగా 4 వేల నుంచి 11 వేల దాకా ఉండేవి నాకు 60 వేలు దాటాయి. కానీ వాటిలో చాలా భాగం పని చేతకాని లింఫోసైట్లు, అంటే తెల్లకణాల్లో ఒక రకం. హాజరు పట్టీ నిండా పేర్లుండి, కుర్చీలన్నీ ఖాళీగా ఉన్న ఆఫీసు నా రక్తం. యాంటీబాడీలు సరిగా తయారు కావు. అందుకే ఛాతీలో ఇన్ఫెక్షన్ తేలిగ్గా వస్తుంది, ఒక పట్టాన వదలదు.

డాక్టరుగారు ఉన్నమాట చెప్పారు. లుకేమియా లేనివాళ్లకే దగ్గు, ఆయాసం బాగా తగ్గడానికి 6 వారాలు పడుతుందట. 3 నెలలకు కూడా నీరసం మిగిలి ఉండవచ్చు, మునుపటిలా అనిపించడానికి 6 నెలలు పట్టవచ్చు. "మీరు దానికి ఇంకొంచెం కలుపుకోండి" అన్నారు. నీరసాన్నంతా లుకేమియా ఖాతాలో వేసేయకుండా హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 కూడా చూశారు. జ్వరం 100.4 దాటితే ఇంట్లో మాత్ర వేసుకుని పడుకోవద్దు, వెంటనే రమ్మన్నారు. న్యుమోనియా టీకా, ఏటా ఫ్లూ టీకా సరే, బతికున్న క్రిములతో చేసే టీకాలు మాత్రం నాకు పనికిరావు.

ఫిజియోథెరపిస్టు అమ్మాయి పెద్ద కసరత్తులేమీ చెప్పలేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. నడిచేటప్పుడు పక్కవారితో మాట్లాడగలగాలి, మాట తెగుతుంటే వేగం తగ్గించాలి. మర్నాడు పొద్దున లేచేసరికి ఒళ్లు నిన్నటిలాగే ఉంటేనే దూరం పెంచాలి. వినడానికి తేలికే. కానీ ఒంట్లో బాగున్న రోజున అటక దులపాలనిపిస్తుంది, ఆవకాయ జాడీలు కడగాలనిపిస్తుంది. అలాంటి రోజున కూడా అనుకున్నంతే నడిచి ఆగడం నీరసంకంటే కష్టం. ఎండెక్కకముందే యూనివర్సిటీ చెట్ల కింద మా వారూ నేనూ నడిచేవాళ్లం. నా మాట తెగకుండా ఉండాలని ఆయన కావాలనే రాజకీయాలు ఎత్తేవారు.

ఈలోగా వదిన మొక్కు సంగతి బయటపడింది. నేను కోలుకుంటే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని నా తరఫున మొక్కుకుందట! 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలో అయితే 2,388 అని బేరమాడాను, ఒప్పుకోలేదు. "మొక్కింది అలిపిరి దారికే" అంది. డాక్టరుగారిని అడిగితే, "ముందు మీ ఇంటి మెట్లు ఆగకుండా ఎక్కండి" అన్నారు.

ఇప్పుడు రెండో అంతస్తులోని మా ఇంటికి ఆగకుండానే ఎక్కుతున్నాను, కూరగాయల సంచి లేకపోతే. రక్తపరీక్షలో తెల్లకణాలు ఎప్పటిలా ఎక్కువగానే ఉన్నాయి. ఓపికకూ ఆ అంకెకూ సంబంధం వెతకడం మానేశాను. దేవుడికి బాకీ ఎందుకని పోయిన నెల వదినే కొండెక్కి వచ్చింది. మోకాళ్లు పట్టేసి మా ఇంట్లోనే దిగింది. కాఫీ కలిపి ఇచ్చి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం ఎలాగో నేనే నేర్పిస్తున్నాను.