జైపూర్‌లో సూర్యుడి చోటు

జైపూర్‌లో మేం దిగిన హోటల్ ముందు గోడంతా గులాబీ రంగు. దాని మీద సిమెంటుతో పోతపోసిన ఝరోఖాలు (రాజస్థానీ కోటల్లో గోడ బయటికి పొడుచుకొచ్చే కిటికీ అరుగులు), వాటి వెనక కిటికీలు కూడా లేవు. రాజస్థానీ వారసత్వం పేరు చెప్పి గదికి నాలుగు వేలు లాగారు. ఒళ్లు మండింది. ఆమేర్ కోట, హవా మహల్ ఆ జనంలో చూశామనిపించుకున్నాం.

జవహర్ కళా కేంద్రానికి మాత్రం నేనొక్కడినే వెళ్లాను. ఆటో అతను ముందు లక్కగాజుల దుకాణం చూపిస్తానని పట్టుబట్టాడు, వద్దంటే రేటు పెంచాడు. జేఎల్ఎన్ మార్గ్‌లో దిగాక ఆ చిరాకంతా పోయింది.

ఎదురుగా ఎనిమిది మీటర్ల ఎర్ర ఇసుకరాతి గోడలు. ఝరోఖా ఒక్కటీ లేదు. గోడలో పొదిగిన గ్రహం గుర్తు, అంతే. 1727లో సవాయి జైసింగ్ మొదలుపెట్టిన జైపూర్ నగరం ప్లాన్ తొమ్మిది చదరాలు. కొండ అడ్డొచ్చి ఒకటి పక్కకు జరిగింది. ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా ఆ ప్లాన్‌నే తీసుకుని గ్రహానికో చదరం చొప్పున ఈ భవనాన్ని గీశారు. ఇక్కడ కొండేమీ లేదు, అయినా ఒక చదరాన్ని పక్కకు తిప్పారు. లోపలికి దారి ఆ సందులోంచే! గురుడి చదరంలో లైబ్రరీ, చంద్రుడి దాంట్లో కాఫీ.

నడిమధ్య చదరం సూర్యుడిది. అందులో ఏమీ కట్టలేదు. పైన ఆకాశం, చుట్టూ కోనేటి మెట్లు. మా ఊరి శివాలయంలో నవగ్రహాల చుట్టూ తిప్పుతూ అమ్మమ్మ, "మధ్యలో ఉన్నాయనే సూర్యుడురా, మిగతావాళ్లంతా ఆయన చుట్టూనే" అనేది. అక్కడ చుట్టూ తిరగడమే తప్ప మధ్యలోకి పోనివ్వరు. ఇక్కడ ఆ సూర్యుడి చోట్లోనే కూర్చున్నాను. పక్క మెట్ల మీద కాలేజీ పిల్లలు నాటకం రిహార్సల్ చేసుకుంటున్నారు. ఎండ దిగేదాకా కదల్లేదు.

కొరియా 1930లో మన సికింద్రాబాద్‌లోనే పుట్టారు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఆఫీసు ఆయన డిజైనే. 1963 నాటి సబర్మతి గాంధీ మ్యూజియం చూడండి: ఇటుక స్తంభాలు, పెంకుల కప్పు, మధ్యలో నీళ్లు. ఎక్కడా పాతదాన్ని తెచ్చి అతికించలేదు. పాతకాలం మనుషులు నడిచిన తీరు, కూర్చున్న తీరు తీసుకున్నారు. మన దగ్గర కొత్తగా కట్టే కళాభవనాలకు తోరణం బొమ్మ అంటించి సంస్కృతి అంటుంటే బాధేస్తుంది.

తిరుగు టికెట్ భోపాల్ మీదుగా మార్చుకున్నాను. పెద్ద చెరువు గట్టున ఆయన కట్టిన కళాకేంద్రం భారత్ భవన్ చూడాలి. సోమవారం సెలవట, అందుకని ఇక్కడే ఇంకో రాత్రి. హోటల్ మాత్రం మార్చేశాం.