తంబీ అని తిట్టించుకున్న రోజు

"తంబీ, ఇంగ ఎన్న ఇరుక్కున్ను ఒరు తడవ కేట్టియా?" అంది ఫోన్లో ఆవిడ. తమ్ముడూ, ఇక్కడ ఏముందో ఒక్కసారైనా అడిగావా అని.

2001 నాటి సంగతి. నేను చెన్నై గిండీలో సపోర్ట్ డెస్క్ మీద. నెల్లూరు నుంచి మద్రాసొస్తే అదీ ఒక ప్రవాసమేనా అని మావాళ్లు నవ్వేవాళ్లు. రోజంతా పరాయి భాషలో మాటలు పడితే తెలుస్తుంది.

కోయంబత్తూరు బ్రాంచి రోజూ సాయంత్రం మోడెమ్‌తో, అంటే కంప్యూటర్ని ఫోన్ లైనుకి కలిపే పెట్టెతో, మా సర్వర్‌కి డయల్ చేసి లెక్కలు పంపాలి. ఆ రోజు ఎర్రర్ 680, డయల్ టోన్ లేదట. గంటసేపు ఆ బ్రాంచి ఆవిడ చేత మోడెమ్‌ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీయించి వేయించాను, నెట్‌వర్కుకి కావాల్సిన టీసీపీ/ఐపీ కూడా తీయించి వేయించాను. విండోస్ 98 కదా, ప్రతిదానికీ రీస్టార్టే.

తిట్టాక అడిగితే చెప్పింది: పోయిన వారమే కొత్త బిల్డింగుకి మారారు, ఫోన్లన్నీ ఈపీఏబీఎక్స్ మీద, అంటే ఆఫీసు సొంత ఎక్స్ఛేంజి పెట్టె మీద నడుస్తున్నాయి. ఆ పెట్టె వినిపించే టోన్ వేరు, మోడెమ్ దాన్ని గుర్తుపట్టదు. డ్రైవర్ వందసార్లు వేసినా అంతే. డయల్ టోన్ కోసం ఆగమనే టిక్కు తీయించి, నంబరు ముందు సున్నా, కామా పెట్టించాను. కామా అంటే మోడెమ్‌కి రెండు సెకన్ల విరామం, బయటి లైను దొరికేదాకా.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ తంబీ అంటూనే అంత కోపమా? మా ఊళ్లో అయితే "సర్లే బాబూ, రేపు చూద్దాం" అని ఫోన్ పెట్టేసి, నేరుగా మా మేనేజర్‌కి చెప్పేవాళ్లు. అది మర్యాద అనుకుంటూ పెరిగాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను, కాకపోతే అలాంటి మర్యాదతో ఆ రోజు లైను కలిసేది కాదు. మనసు మాత్రం చాలాసేపు చివుక్కుమంటూనే ఉంది. ఇంకో మాట, గంటసేపు ఓపిక పట్టాకే తిట్టింది. మా పెద్దమ్మయితే పది నిమిషాలు ఆగదు.

కీచుమని అరిచి మోడెమ్ కలిసింది. లెక్కలు సరిగ్గా వెళ్లాయో లేదో చూద్దామని పీసీఎనీవేర్‌తో, అంటే దూరం నుంచే ఇంకో కంప్యూటర్ని నడిపే ప్రోగ్రాంతో, ఆవిడ కంప్యూటర్లోకి వెళ్లాను. స్క్రీన్ పైనుంచి కిందికి ముక్కలు ముక్కలుగా గీసుకుంటూ వచ్చింది. నేను మౌస్ కదిపాను.

రెండో ఎక్స్‌టెన్షన్లో ఫోన్ ఇంకా ఆవిడ చెవి దగ్గరే ఉంది.

"అయ్యో, ఎలి తానా ఓడుదే!"

ఎలుక దానంతటదే పరిగెడుతోందట. ఆ మాటకి నాకు అనువాదం అక్కర్లేకపోయింది.