140 జీబీలో 200 జీబీ పంచాను

"ఏవండీ, పాప ఫోటోలు తెరుచుకోవట్లేదు" అని మా ఆవిడ ఫోన్ చూపిస్తే వైఫై పోయిందేమో అనుకున్నాను. ల్యాప్‌టాప్‌లో ప్రాక్స్‌మాక్స్ (ఒకే కంప్యూటర్‌లో చాలా కంప్యూటర్లు నడిపించే సాఫ్ట్‌వేర్) పేజీ తెరిచి చూస్తే ఉబుంటు లినక్స్ నడిచే వీఎమ్, అంటే వర్చువల్ మెషీన్ మీద పసుపు త్రికోణం, స్టేటస్ దగ్గర ‘ఐఓ-ఎర్రర్’ (డిస్కులో చదవడం, రాయడం కుదరట్లేదని).

మా సర్వర్ అంటే టీవీ స్టాండ్ కింద పడుకునే సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్. 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. రెండు వీఎమ్‌లు: ఫోటోలకు ఉబుంటు, లెక్కల సాఫ్ట్‌వేర్‌కు విండోస్. చెరి 6 జీబీ ర్యామ్ ఇచ్చాను. విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కే కనిపించక కంగారుపడ్డాను గానీ, వర్చువల్ డిస్కును విండోస్ గుర్తుపట్టడానికి కావాల్సిన వర్ట్‌ఐఓ డ్రైవర్ల ఐఎస్‌ఓ (సీడీ లాంటి ఫైల్) తగిలించగానే దొరికింది.

తప్పు చేసింది స్టోరేజీలో. ఎస్‌ఎస్‌డీలో సిస్టమ్‌కు పోగా వీఎమ్ డిస్కుల కోసం మిగిలింది దాదాపు 140 జీబీ. నేను ఉబుంటుకు 120, విండోస్‌కు 80 రాసిచ్చాను. ఈ ఉమ్మడి చోటు ‘థిన్ పూల్’ రకం కాబట్టి ఒప్పుకుంది. వీఎమ్ నిజంగా డేటా రాసిన మేరకే చోటు తీసుకుంటుంది, ముందుగా పక్కన పెట్టదు. శుభలేఖలు 200 మందికి పంచి, 140 మందికే వండించినట్టు. అందరూ ఒకేసారి రానంతవరకు మర్యాద దక్కుతుంది.

నాకు వింతగా తోచింది ఇంకొకటి. ఉబుంటులో చూస్తే వాడింది 38 జీబీయే! పాత ఫోటోలన్నీ కొత్తగా కొన్న 4 టీబీ హార్డ్‌డిస్కులోకి మార్చేసి, ఇక్కడ తుడిచేశాను కదా. బయట, అసలు సర్వర్‌లో, పూల్ ఎంత నిండిందో చూపే ‘ఎల్‌వీఎస్’ కమాండ్ కొడితే మాత్రం పూల్ 100 శాతం నిండి ఉంది. రాయడానికి చోటు లేకే వీఎమ్ ఆగిపోయింది.

చాలాసేపు తల బాదుకున్నాక అర్థమైంది: లోపల ఫైల్ చెరిపినంత మాత్రాన ఆ చోటు ఖాళీ అయిందని పూల్‌కు తెలియదు. వీఎమ్ చెప్పాలి. ఆ మాట బయటికి చేరాలంటే డిస్క్ సెట్టింగుల్లో ‘డిస్కార్డ్’ టిక్ పెట్టాలి. ఉబుంటు వారానికోసారి తనంతట తానే ట్రిమ్ (ఖాళీ అయిన చోటును డిస్కుకు చెప్పే పని) నడుపుతూనే ఉంది, పాపం. టిక్ లేక ఆ మొర పూల్ దాకా రాలేదు.

ముందు కాస్త ఊపిరి కావాలి. నాలుగు నెలల కింద అప్‌డేట్‌కు ముందు తీసి మరిచిపోయిన స్నాప్‌షాట్ (ఆనాటి డిస్క్ స్థితిని అలాగే దాచిపెట్టేది) ఒకటి ఉంది. అది ఉన్నంతకాలం దాని పాత బ్లాకులను ట్రిమ్ కూడా విడిపించలేదు. తీసేస్తే పూల్ 93 శాతానికి దిగింది. రెజ్యూమ్ నొక్కగానే వీఎమ్ లేచింది. వెంటనే బ్యాకప్ తీసుకుని, షట్‌డౌన్ చేసి, టిక్ పెట్టి మళ్లీ స్టార్ట్ చేశాను. లోపలి నుంచి రీబూట్ కొడితే ఆ మార్పు అమల్లోకి రాదు, పూర్తిగా ఆపాల్సిందే.

తర్వాత ఉబుంటులో ట్రిమ్ కమాండ్ ‘ఎఫ్‌ఎస్‌ట్రిమ్’ నడిపితే పూల్ 63 శాతానికి పడింది. విండోస్ డిస్కుకూ అలాగే టిక్ పెట్టి, అదే పని చేసే డ్రైవ్ ఆప్టిమైజ్ నొక్కాను: 52 శాతం.

హాల్లోంచి మా ఆవిడ కేకేసింది: "వచ్చాయండీ! కానీ అన్నప్రాసన ఫోటోలు రెండేసి ఉన్నాయేంటి?"