నలుగురి కాగితాలు, ఒకటే పెట్టె

విశాఖ ఎంవీపీ కాలనీలో ఆదివారాలు కలిసి నీటిరంగులు వేసే మా నలుగురికీ ఇంగ్లండు నుంచి నూలు కాగితం తెప్పించుకోవాలని ఎప్పటినుంచో కోరిక. ఎవరికి వారు తెప్పించుకుంటే కాగితం కన్నా రవాణాకే ఎక్కువయ్యేటట్టుంది. మొదటి అరకిలోకి పడేంత ధర ఆ తర్వాతి అరకిలోలకు పడదు కదా అని అందరివీ కలిపి నా పేరు మీద ఆర్డరు పెట్టాలనుకున్నాం.

పది నిండు షీట్లు, కుంచెలు, రంగు ట్యూబులు ఎంచుకోగానే కొరియర్ ఖర్చు తెర మీద పడింది. మా డ్రాయింగ్ మాస్టారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశారు.

తూకం చూస్తే అంత లేదు. 56×76 సెంటీమీటర్ల షీటు, చదరపు మీటరుకు 300 గ్రాముల రకం, ఒక్కోటి దాదాపు 128 గ్రాములు. అట్టలతో సహా అన్నీ కలిపినా రెండు కిలోలే. కానీ కొరియర్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. ఆ వచ్చినదీ అసలు తూకమూ పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కువైతే దానికే డబ్బు. షీట్లు మడవకుండా పెట్టాలంటే 80×60×6 పెట్టె కావాలి. అంటే 5.76 కిలోలు! రెండు కిలోల సరుకుకు దాదాపు ఆరు కిలోల కిరాయి.

షీట్లను నాలుగేసి ముక్కలుగా కోసి పంపగలరా అని దుకాణానికి రాశాను. సరేనన్నారు. 40×30×8 పెట్టెలో కుంచెలతో సహా అన్నీ పట్టాయి, పెట్టె లెక్క 1.92 కిలోలకు దిగింది, ఇక అసలు తూకానికే కిరాయి. మాస్టారికి మాత్రం మింగుడు పడలేదు. చింపినట్టుండే ఆ సహజమైన అంచులు ఒక్కో ముక్కకు రెండు వైపుల పోతాయి, పైగా "డాల్ఫిన్స్ నోస్ కొండను పావు షీటులోకి ఎలా దింపమంటావయ్యా?" అన్నారు. కొత్త ఖర్చు చూపించాక ఇంకేమీ అనలేదు. ఎగుమతి కాబట్టి అక్కడి 20 శాతం వ్యాట్ కూడా బిల్లులోంచి తీసేశారు.

కొరియర్ వాళ్లు ఆధార్ వివరాలు అడిగితే ఆన్‌లైన్‌లో ఇచ్చాను. పెట్టె ఇంటికి చేరింది. అసలు పేచీ అప్పుడు మొదలైంది.

ఖర్చు మొత్తం నాలుగు సమాన భాగాలు చేద్దామని ఒకరు, వస్తువు ధరను బట్టి పంచుదామని ఇంకొకరు. రెండూ అన్యాయమే. ఎదురింటి అక్క కుంచెలు గుప్పెడు గ్రాములు, ధర మాత్రం నా కాగితం మొత్తం కన్నా ఎక్కువ. కాబట్టి రవాణా తూకాన్ని బట్టి వేశాను. కస్టమ్స్ సుంకం విలువ మీద పడేది, అది అక్కకే ఎక్కువ. చిక్కేమిటంటే ఆ విలువలో సరుకు ధరతోపాటు రవాణా, బీమా కూడా కలుపుతారు. బరువైన కాగితం తన రవాణా మీద కూడా సుంకం మోస్తుంది. అందుకే ముందు ఎవరి రవాణా వారి ధరకు కలిపి, ఆ తర్వాతే సుంకం పంచాను. సుంకం తమ చేతి నుంచి ముందుగా కట్టినందుకు కొరియర్ వేసిన రుసుము పెట్టెకు ఒకటే, అది తలా కాస్త. అక్క నా లెక్కల చీటీ తీసుకుని మళ్లీ కూడింది, పైసా తేడా రాలేదు.

మాస్టారికి ఇప్పటికీ రెండు నిండు షీట్లు కావాలి. చుట్టి 80×10×10 గొట్టంలో తెప్పిస్తే 256 గ్రాముల కాగితానికి 1.6 కిలోల కిరాయి పడుతుందని చెప్పాను. ఆలోచించుకుంటానన్నారు.