రైతు రాలేదా అమ్మా?

నర్సంపేట దగ్గర మా రెండెకరాల పత్తి చేను అమ్మ చేతుల మీదే నడుస్తుంది. గింజ పెట్టేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఆమే. పట్టాదారు పాస్‌బుక్ మాత్రం బాపు పేర ఉంది. పోయిన వానాకాలం పంట రుణం కోసం అమ్మా నేనూ బ్యాంకుకు వెళ్తే, "రైతు రాలేదా అమ్మా?" అని అక్కడివాళ్లు అడిగారు. పగిలిన వేళ్లు కొంగులో దాచుకుని అమ్మ బయటికి నడిచింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మహిళలపై అన్ని రకాల వివక్షనూ తొలగించాలనే ఒప్పందాన్ని (సీడా అంటారు) ఐక్యరాజ్యసమితి 1979 డిసెంబర్ 18న ఆమోదించింది. మన దేశం 1993లో ధ్రువీకరించింది. పెళ్లి, కుటుంబ విషయాల్లో మాత్రం కొన్ని షరతులు పెట్టుకుంది, అది నాకు నచ్చలేదు. 1997లో విశాఖ అనే మహిళా సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఈ ఒప్పందాన్ని ఆధారంగా తీసుకునే పనిచోట లైంగిక వేధింపులపై మార్గదర్శకాలిచ్చింది.

ఆ సీడా ఒప్పందంలో 14వ అధికరణం పూర్తిగా పల్లె ఆడవాళ్ల గురించే. వ్యవసాయ రుణం, మార్కెట్ సౌకర్యం వాళ్లకు అందాలి, భూసంస్కరణల్లో సమానంగా చూడాలి అని ఉంది. అమ్మకు తెలుగులో చెప్పాను.

"ఇంకోసారి చెప్పు బిడ్డా" అంది.

బాపు ఒప్పుకున్నాడు. ఒక ఎకరం అమ్మ పేర రాయడానికి వచ్చే వారం స్లాట్ బుక్ చేశాం.