మంగళం దాకా

గోదావరి ఎక్స్‌ప్రెస్ నాంపల్లిలో ఆగేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఇరవై రెండేళ్లు ఒక పత్రికలో సంగీతం పేజీ చూశాను, కొన్నాళ్లు హైదరాబాద్‌లో, తర్వాత రాజమండ్రిలో. పోయిన ఏడాది ఆ పేజీ ఎత్తేశారు, దాంతోపాటు నన్నూ. అంచేత ఈసారి ఏ కచేరీ గురించీ రాయాల్సిన పని లేకుండా వచ్చాను. సంచిలో నోట్‌బుక్ మాత్రం ఉంది. అలవాటు.

స్టేషన్ బయట ఇరానీ హోటల్లో చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్లు రెండు ముంచుకు తిని, పబ్లిక్ గార్డెన్స్ పక్కనుంచి రవీంద్రభారతి దాకా నడిచాను. ఠాగూర్ శతజయంతికని 1961లో తెరిచిన హాలు అది. నా ఉద్యోగం సగం అందులోనే, చివరి వరుసలో, తలుపు పక్క కుర్చీలో గడిచింది. తలుపు పక్కనే ఎందుకంటే రాత్రి తొమ్మిదిన్నరకి మా పేజీ మూసేవాళ్లు. ఆరున్నర కచేరీ అంటే జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ముఖ్య అతిథి చిన్ననాటి జ్ఞాపకాలు అన్నీ అయ్యి ఏడున్నరకి మొదలయ్యేది. వర్ణం, రెండు కృతులు విని, గాయకుడు ప్రధాన రాగం ఎత్తుకుంటుండగా నేను చెప్పులు వెతుక్కునేవాణ్ణి. మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం, చివర్లో వచ్చే చిన్న పాటలు తుక్కడాలు, ముగింపు పాట మంగళం... ఇవన్నీ నిర్వాహకులు ఇచ్చిన కాగితం చూసి రాసేయడమే.

ఒకసారి కాగితంలో ప్రధాన రాగం కల్యాణి అని ఉంది. అలాగే రాశాను. 'కల్యాణిని విస్తారంగా ఆలపించి రక్తి కట్టించారు' అని. పొద్దున్నే ఆ విద్వాంసుడు ఫోన్ చేశారు. "ఏమండీ, రాత్రి నేను కల్యాణి చాలా బాగా పాడానటగా?" ఆయన పాడింది తోడి. కోప్పడి ఉంటే బాగుండేది. నవ్వి పెట్టేశారు.

నల్లకుంటలో మేనకోడలి ఇంట్లో దిగాను. అది సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తుంది, చిన్నప్పుడు నా రివ్యూలు కత్తిరించి దాచేది. మధ్యాహ్నం పప్పు వడ్డిస్తూ అంది, "మావయ్యా, తిట్టుకోకు గానీ, నువ్వు రాసినవన్నీ ఒకటే. పేర్లు మారేవి." నాకు గట్టిగానే తగిలింది. అబద్ధం కాదు కదా. ఓలలాడించారు, మంత్రముగ్ధుల్ని చేశారు, సభ కరతాళధ్వనులతో మార్మోగింది. రెండొందల యాభై మాటల్లో, ఫొటో పెద్దదైతే నూట ఎనభై మాటల్లో, ఈ మూడూ ఎక్కడో ఒకచోట పడేవి. వినకుండా రాసేవాడికి ఇలాంటి మాటలే దిక్కు. విన్నవాడికైతే చెప్పడానికి ఏదో ఒకటి దొరుకుతుంది, కనీసం మూడో కృతిలో శ్రుతి జారిన చోటైనా.

ఆ రోజు గురువారం. సాయంత్రం మళ్లీ నాంపల్లికే వెళ్లాను, యూసుఫైన్ దర్గాకి. యూసుఫ్ బాబా, షరీఫ్ బాబా అని ఇద్దరు స్నేహితులు. 1687లో గోల్కొండ పడిపోయిన నాటి ఔరంగజేబు సైన్యంతో వచ్చి ఇక్కడే ఉండిపోయారని చెబుతారు. ఇన్నేళ్లలో దర్గా ముందునుంచి వందసార్లు పోయి ఉంటాను. గజల్ పాడేవాళ్లు తలుచుకోకుండా ఉండలేని దాగ్ దెహ్లవీ సమాధి ఈ ఆవరణలోనే ఉంది. ఆరో నిజాంకి కవిత్వంలో ఉస్తాద్ ఆయన, పోయింది 1905లో. గజల్ మీద నేను రాసిన వ్యాసాల్లో ఆయన పేరు కనీసం పదిసార్లు వచ్చి ఉంటుంది. సమాధి చూసింది మాత్రం ఆ రోజే.

ఖవ్వాలీ మొదలైంది. హార్మోనియం, డోలక్, వెనక చప్పట్లు కొట్టేవాళ్లు నలుగురు. గులాబీలు, అగరుపొగ, జనం చెమట వాసన అన్నీ కలిసిపోయాయి. చప్పట్లు కొట్టేవాళ్లలో ఒక పెద్దాయన అరచేతుల్ని చూస్తూ ఉండిపోయాను. రెండు చేతులూ పూర్తిగా తగలనివ్వడు. కుడి వేళ్లు ఎడమ అరచేతి కింది అంచు మీద పడతాయి, శబ్దం టప్పుమని రాదు, తడి బట్ట ఉతికినట్టు వస్తుంది. గొంతు పైస్థాయికి వెళ్లినప్పుడు మాత్రం అరచేతులు రెండూ పూర్తిగా కలుపుతాడు. అప్పుడు డోలక్ వాయించేవాడు తలెత్తి ఆయన వైపు చూస్తాడు.

గాయకుడు ఒక పంక్తి పట్టుకున్నాడు, వదలడే! నాలుగుసార్లు, ఆరుసార్లు, పదకొండుసార్లు. లెక్కపెట్టడం నా జబ్బు. ముందు వరుసలో ఒకాయన కళ్లు మూసుకుని ఊగుతున్నాడు. నా పక్కనున్న ముసలాయన చెవిలో చెప్పాడు, "ఆయనకి హాల్ వచ్చింది సాబ్, ఒళ్లు మరిచిండు. తగ్గేదాకా అదే లైన్ పాడాలె, మార్చొద్దు." పాట ఎంతసేపు సాగాలో వినేవాడు తేల్చడం నేను అక్కడే చూశాను. మా సభల్లో అది సెక్రటరీ పని. వేదిక పక్కనుంచి చేతి గడియారం చూపిస్తాడు.

తొమ్మిది దాటాక నా కాళ్లు వాటంతటవే లేవబోయాయి. ముసలాయన మోకాలు మీద చెయ్యి వేసి ఆపాడు. "ఎక్కడికి? రంగ్ కాలేదు ఇంకా." చిష్తీ సూఫీల దర్గాల్లో మెహఫిల్‌ని అమీర్ ఖుస్రో రాసిన 'రంగ్' పాటతో ముగించడం ఆనవాయితీ. కూర్చున్నాను. అది మొదలవగానే చుట్టూ అందరూ ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయేమో, నేను అందరికంటే ఆలస్యంగా లేచాను.

తిరుగు ప్రయాణంలో నారాయణగూడ దాటాక ఆటో ఆగిపోయింది. ముందు పెళ్లి ఊరేగింపు. పెళ్లికొడుకు నుదుట బాసికం, ముందు మర్ఫా డప్పులు. "టెన్షన్ పడకుండ్రి సార్, మర్ఫా అంటే గింతే, జర సేపైతది," అని ఆటో అతను ఇంజను ఆపేసి హ్యాండిల్ మీద దరువు మొదలెట్టాడు. యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు నిజాం కొలువుకి వస్తూ వెంట తెచ్చుకున్న వాయిద్యం ఇది. ఆ సిద్దీల పేట ఏసీ గార్డ్స్ అంటే ఎయిర్ కండిషన్ అనుకునేరు, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. అరబ్బుల పేట బార్కస్ కూడా బ్యారక్స్ అన్న మాట అరిగి పుట్టిందే. మనం ఊరూరా తీన్‌మార్ అంటూ ఎగిరేది ఈ మర్ఫా దెబ్బకే. నా పేజీలో మర్ఫా మీద ఒక్క ముక్క రాలేదు. మా పత్రికలో ఎప్పుడైనా వచ్చి ఉంటే సిటీ పేజీలో, ట్రాఫిక్ జామ్ కింద వచ్చి ఉంటుంది.

శుక్రవారం సాయంత్రం చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ. పాడింది ఎవరో చిన్నమ్మాయి, ఇరవై దాటి ఉండవు. తలుపు పక్క కుర్చీ ఖాళీగానే ఉంది గానీ మూడో వరుసలోకి వెళ్లాను. ఖరహరప్రియలో నిరవల్ దగ్గర, అంటే ఒకే పంక్తిని రకరకాలుగా మార్చి పాడేచోట, కొంచెం తడబడింది. సర్దుకుంది. తనిలో మృదంగం కుర్రాడు ఏడేసి లెక్కన సాగే మిశ్రనడకలోకి వెళ్తే ముందు వరుసలో తాళం వేస్తున్న ఇద్దరికి లెక్క తప్పింది, ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఏ కాగితంలోనూ ఉండనివి ఇవి.

సౌరాష్ట్రంలో మంగళం పాడేసరికి హాల్లో పద్నాలుగు మందిమి మిగిలాం. అయిపోయాక కూడా లేవలేదు నేను. వయొలిన్ ఆవిడ పాత చేతిరుమాలుతో తీగల మీది తెల్లటి పొడి తుడిచి, కమాను బిగువు వదిలింది. మృదంగం కుర్రాడు తొప్పికి, అంటే ఎడమవైపు ముఖానికి, నాదం కోసం అంటించిన రవ్వ ముద్దని గోటితో గీకుతున్నాడు. అప్పటికే సగం ఎండిపోయి పెచ్చులుగా రాలుతోంది. మృదంగం నాదం గురించి ఎన్నోసార్లు రాశాను గానీ, ఆ రవ్వని ఇలా గీకి తీస్తారని చూడనే లేదు. అతను ఆ పెచ్చులన్నీ అరచేతిలోకి ఎత్తుకుని ఎక్కడ వెయ్యాలా అని చుట్టూ చూశాడు. వాచ్‌మన్ ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ వస్తున్నాడు. నేను నోట్‌బుక్‌లోంచి ఒక తెల్లకాగితం చింపి ఆ కుర్రాడికి ఇచ్చాను.